మా మందిరానికి నేనెంచిన టీవీ

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, క్రిస్మస్ నెలలో, అనకాపల్లిలో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో టీవీల విభాగానికి ఇన్‌చార్జిగా ఉన్నాను. మా ప్రార్థన మందిరంలో పాటలు తెరమీద చూపడానికి టీవీ ఎంచే పనిని మా చర్చి సంఘం నాకే అప్పగించింది.

ఒకే ధరలో రెండు ఉన్నాయి. ఒకటి యాభై అంగుళాల ఫుల్ హెచ్‌డీ. రెండోది నలభైమూడు అంగుళాల ఫోర్‌కే. దాని తెరమీద బొమ్మను కట్టే చుక్కలు, అంటే పిక్సెళ్ళు, నాలుగింతలు. చుక్కలు ఎక్కువైతే బొమ్మ నునుపుగా ఉంటుంది, కాని అది దగ్గర కూర్చున్నవారికే తెలుస్తుంది. దూరం నుంచి చూసేవారికి తెర సైజే ముఖ్యం. ఈ సంగతి కస్టమర్లకు రోజూ చెప్పేవాణ్ణి.

ఆ రోజు చెప్పలేదు. సంఘ పెద్ద ఏసుదాసు రెండూ చూసి, "దేవుడి పనికి తక్కువ రకమేటి బావా? మనింటికైతే సరే గానీ" అన్నాడు. లోపం లేనిదే అర్పించాలని చిన్నప్పటినుంచీ విన్నవాణ్ణి. ఆరడుగుల దూరంలో నిలబడి చూసి, ఫోర్‌కేకే బిల్లు రాయించాను. టీవీ బిగించిన వారమే పాటల పుస్తకాలన్నీ రోలుగుంట దగ్గర కొత్త సంఘానికి ఇచ్చేశాం.

మా మందిరంలో చాపలమీద కూర్చుంటాం. నడుం ఆనుకోవడానికి ముసలివాళ్ళు వెనక గోడ దగ్గరకు చేరతారు. ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునే శాంతమ్మత్త చోటు అదే. మొదటి ఆదివారం రెండో చరణంలో ఆమె ఆగిపోయింది.

బయటికొచ్చాక, "అచ్చరాలు సీమల్లాగున్నాయిరా. ఏటని పాడమంతావు?" అంది.

"ఫోర్‌కే అత్తా అది! కళ్ళు చూపించుకో" అన్నాను.

"అయితే టీవీ గొప్పదే, నా కళ్ళే పేదవి గావాల" అంది. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను.

ఆమె కొత్త కళ్ళద్దాలు వేయించుకుంది. లాభం లేకపోయింది. అక్షరాలు పెద్దవి చేస్తే చరణం తెరకు పట్టక ముక్కలై పాట తప్పేది. ఆమెకొక పాటల పుస్తకం కొనిచ్చినా సరిపోయేది. నా ఎంపిక తప్పని ఒప్పుకున్నట్టవుతుందని ఆ పనీ చేయలేదు. పాట వేరొకరు ఎత్తుకునేవారు. ఆమె పెదవులు కదపకుండా కూర్చునేది. రెండేళ్ళకు ప్రభువు దగ్గరకు వెళ్ళింది.

టీవీ కొనేవారు ముందు చూడవలసింది రిజల్యూషన్ కాదు. అందరికంటే దూరంగా ఎవరు కూర్చుంటారో, వారికి ఎంత తెర కావాలో చూడాలి. ఇది నాకు తెలియక జరిగిన పొరపాటు కాదు. తెలిసీ చెప్పలేదు, తర్వాత దిద్దలేదు. నేను ప్రార్థనలో ఒప్పుకుంటున్నది ఈ రెండోదాన్నే, దిద్దకపోవడాన్నే.