డయాలసిస్ పెట్టెలతో బ్యాడ్‌ల్యాండ్స్‌కి

2023 మే నెల. మిషిగన్‌లో మంచు పూర్తిగా వదిలింది. నోవై చుట్టుపక్కల జనం గరాజ్ తలుపులు తెరిచి బోట్లూ, బైకులూ బయటికి లాగుతున్నారు. మా డీలర్‌షిప్‌లో పికప్ ట్రక్కులకు అదే అసలు సీజన్. నేను అక్కడ ట్రక్కులు అమ్ముతాను. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నాకు వర్క్ పర్మిట్ వచ్చాక ఇక్కడే రిసెప్షన్‌లో చేరి, కొన్నాళ్ళకు సేల్స్ వైపు మారాను. ట్రక్కులంటే ఇంత ఇష్టం ఏర్పడుతుందని నేనే అనుకోలేదు. ఇప్పటికీ పెద్ద డీజిల్ ఇంజన్ స్టార్టయితే చేస్తున్న పని ఆపి వింటాను.

మన తెలుగువాళ్ళు మా షోరూమ్‌కి వస్తే చాలావరకు మినీవ్యాన్ కోసమో ఎస్‌యూవీ కోసమో వస్తారు. అందుకే ఆ శనివారం పొద్దున ఒక పెద్దావిడ నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, నా పేరు చదివి, "తెలుగమ్మాయివేనా? మాకు ఫిఫ్త్ వీల్ లాగే ట్రక్ కావాలి" అనగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆవిడ డాక్టర్ వసుంధర. డెబ్భై దగ్గర పడిన మనిషి. పొట్టిగా, సన్నగా, స్నీకర్లు వేసుకుని చురుగ్గా ఉన్నారు. ఆపరేషన్లప్పుడు మత్తుమందు ఇచ్చే డాక్టరుగా డెట్రాయిట్‌లో పని చేసి రిటైరయ్యారు. వెనకాలే చేతికర్ర పట్టుకుని ఆవిడ భర్త ప్రభాకర్ గారు వచ్చారు. కాలేజీలో జియాలజీ ప్రొఫెసర్‌గా పని చేశారు. వాళ్ళ పక్కింటాయన తన ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్‌ని వీళ్ళకి అమ్మేశాడు. ఇక లాగడానికి బండి కావాలి.

ఫిఫ్త్ వీల్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మామూలు ట్రెయిలర్‌ని ట్రక్కు వెనక బంపర్ కింద ఉండే కొక్కేనికి తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ అలా కాదు. దాని ముందు భాగం మేడలా ఎత్తుగా ఉండి ట్రక్కు తొట్టి మీదికి వస్తుంది. ఆ భాగం కింద కింగ్‌పిన్ అనే లావాటి ఇనప కడ్డీ ఉంటుంది. తొట్టి మధ్యలో బిగించిన హిచ్ దాన్ని దవడలతో పట్టుకుంటుంది. అందులో వంటిల్లు, పడగ్గది, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. చక్రాల మీద ఒక ఇల్లన్నమాట.

"ఆ ఎర్రది చూశాం ఆన్‌లైన్‌లో" అన్నారు వసుంధర గారు, బయట నిలబెట్టిన హాఫ్ టన్ అనే చిన్న తరగతి ట్రక్కు వైపు చూపిస్తూ. "పదమూడు వేల పౌండ్లు లాగుతుందని రాశారు. మా ట్రెయిలర్ నిండా సామాను వేసినా పన్నెండు వేలు దాటదు. సో, సరిపోతుంది కదా?"

ఎర్ర ట్రక్కు నా దగ్గరే ఉంది. మధ్యాహ్నానికల్లా కాగితాలు పూర్తయ్యేవి. కానీ నేను వాళ్ళని డ్రైవర్ తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు సందులో అంటించిన స్టిక్కర్ చూపించాను. అక్కడ రాసి ఉండేది పేలోడ్, అంటే ఆ బండి తన వీపు మీద మోయగలిగే బరువు. లాగడం వేరు, మోయడం వేరు. ఫిఫ్త్ వీల్ తన బరువులో దాదాపు ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ట్రక్కు వీపు మీదే మోపుతుంది. దాన్ని పిన్ వెయిట్ అంటాం. ఆ ఎర్ర బండి పేలోడ్ పదిహేడు వందల పౌండ్లు. వీళ్ళ ట్రెయిలర్ పిన్ వెయిట్ ఒక్కటే దాన్ని దాటిపోతుంది. మనుషులు ఎక్కకముందే వెనక స్ప్రింగులు కుంగిపోతాయి, ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగ్ మాట వినదు.

"ట్రెయిలర్ ముందు అరలో ఏం పెడతారు, డాక్టర్ గారూ?" అని అడిగాను.

"ఆంటీ అను చాలు" అని, భర్త వైపు ఒకసారి చూసి చెప్పారు. "ఆయన డయాలసిస్ ఫ్లూయిడ్ పెట్టెలు."

అప్పుడు తెలిసింది సంగతంతా. ప్రభాకర్ గారి రెండు కిడ్నీలూ పని చేయడం లేదు. ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ ఆయనది. పొట్టలోకి పెట్టిన గొట్టం ద్వారా చిన్న మెషీన్ ఒకటి రాత్రంతా ద్రవం ఎక్కిస్తూ, తీస్తూ ఉంటుంది. ఆ ద్రవం సంచులు పెట్టెల్లో వస్తాయి. ఒక్కో పెట్టె ఒక చిన్న పిల్లాడంత బరువు. దారిలో క్యాంప్‌గ్రౌండ్‌లకు కొన్ని పెట్టెలు ముందే పంపించుకోవచ్చు. కానీ ఏదైనా ఆలస్యమైతే ఇబ్బంది కదా అని రెండు వారాలకు సరిపడా దగ్గర పెట్టుకోవాలని ఆవిడ నిశ్చయం. అవన్నీ వెళ్ళేది సరిగ్గా పిన్ మీద ఉండే ముందు అరలోకి.

"నలభై ఏళ్ళు పిల్లలకి సౌత్ డకోటా బ్యాడ్‌ల్యాండ్స్ కొండల గురించీ, ఎల్లోస్టోన్ గురించీ పాఠం చెప్పాను" అన్నారు ప్రభాకర్ గారు. "సమ్మర్ వస్తే ఈవిడకి ఆన్‌కాల్ డ్యూటీలు, నాకు సమ్మర్ క్లాసులు. వెళ్ళనే లేదమ్మా. మా నెఫ్రాలజిస్ట్ ఈ సమ్మర్ వెళ్ళిరమ్మన్నాడు. వచ్చే సమ్మర్ సంగతి అడిగితే టాపిక్ మార్చేశాడు."

ఆయన నవ్వుతూనే చెప్పారు. ఆవిడ మాత్రం స్టిక్కర్ వైపే చూస్తున్నారు. షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శ తగ్గిపోయింది కాబట్టి డ్రైవింగ్ అంతా ఆవిడదే.

"అయితే వీ కాంట్ గో అంటావా?" అన్నారు ఆయన.

"వెళ్తారు అంకుల్. వేరే ట్రక్కులో వెళ్తారు" అన్నాను.

హాఫ్ టన్ పైన త్రీ క్వార్టర్ టన్, దాని పైన వన్ టన్ అనే తరగతులుంటాయి. పేర్లు పాతకాలంవి, బండి ఎంత గట్టిదో చెప్పడానికి ఇంకా వాడుతున్నారు. మా దగ్గర త్రీ క్వార్టర్ టన్ డీజిల్ ఒకటి సిద్ధంగా ఉంది. నా లెక్క ప్రకారం అది సరిపోవాలి. అదే చెప్పాను. వసుంధర గారు నా లెక్క ఒప్పుకోలేదు.

"మాధవీ, ఆపరేషన్ టేబుల్ మీదున్న మనిషి బరువు అంచనాగా అనుకుని నేనెప్పుడూ మత్తుమందు ఇవ్వలేదు. వేయింగ్ మెషీన్ ఎక్కించాకే ఇచ్చాను. దీన్ని కూడా తూద్దాం."

ఖాళీ ట్రెయిలర్ తూచడం చాలామంది చేస్తారు. ప్రయాణానికి సర్దినట్టే సర్ది, ట్రక్కు కొనకముందే తూద్దామన్న కస్టమర్‌ని నేను అంతకుముందు చూడలేదు. నాకు ఉత్సాహం పట్టలేకపోయింది. మా సర్వీస్ విభాగంలో హిచ్‌లు బిగించే డేల్‌ని బతిమాలాను. హిచ్ ఉన్న మా సర్వీస్ ట్రక్కు తీసుకుని ఆ వారంలోనే వాళ్ళింటికి వెళ్ళాం.

ఇంటి ముందు పండగలా ఉంది. ఆంటీ నీళ్ళ ట్యాంకు నింపించారు. గిన్నెలు, దుప్పట్లు, ప్రెషర్ కుక్కర్, బియ్యం సంచి, జనరేటర్, డయాలసిస్ మెషీన్, పెట్టెలు అన్నీ లోపలికి చేరాయి. ప్రభాకర్ గారు రాళ్ళు కొట్టే సుత్తి, భూతద్దం, పెద్ద పెద్ద మ్యాపుల చుట్టలు తెచ్చారు.

"ఆ పుస్తకాలన్నీ ఎందుకు? రాళ్ళు చూడ్డానికా, చదువుకోడానికా?" అన్నారు ఆంటీ.

"నీ ఆవకాయ జాడీలు తీసెయ్. అప్పుడు నేను పుస్తకాలు తీసేస్తా" అన్నారు ఆయన. రెండూ లోపలే ఉండిపోయాయి.

హైవే పక్కన లారీలు ఆగే చోట పెద్ద కాటా ఉంటుంది. ఒక్కో ఇరుసు ఒక్కో పలక మీద నిలబడుతుంది. ముందు ట్రెయిలర్‌తో కలిపి తూచాం. తర్వాత ట్రెయిలర్‌ని పక్కన దింపి ట్రక్కు ఒక్కదాన్నే తూచాం. ట్రక్కు బరువులో వచ్చిన తేడాయే పిన్ వెయిట్. కాగితం చేతికి రాగానే ఆంటీ, అంకుల్, నేను ముగ్గురం దాని మీదికి వంగాం. మూడు వేలకు కొంచెం తక్కువ. నేననుకున్న దానికంటే బాగా ఎక్కువ. త్రీ క్వార్టర్ టన్ డీజిల్ పేలోడ్ అంత లేదు. వన్ టన్ తప్ప దారి లేదు.

ఆంటీ ముఖంలో నిరాశ కనబడుతుందనుకున్నాను. "సీ? తూచడం మంచిదైంది" అన్నారు, చాలా హుషారుగా.

వన్ టన్‌లో మళ్ళీ రెండు రకాలు. వెనక రెండే చక్రాలుండేది ఒకటి. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు, అంటే నాలుగు ఉండేది ఇంకొకటి. దాన్ని డ్యూయలీ అంటాం. డ్యూయలీ తుంటి భాగం బాగా వెడల్పు. బ్యాంకు డ్రైవ్‌త్రూలో దూరదు, గ్రోసరీ పార్కింగ్‌లో గీతలు దాటి నిలబడుతుంది. రెండింటి తొట్టీ పొడుగ్గానే ఉండాలన్నాను. తొట్టి పొట్టిదైతే మలుపు తిరిగేటప్పుడు ట్రెయిలర్ ముక్కు ట్రక్కు వెనక అద్దానికి తగిలే ప్రమాదం ఉంది. ఆవిడ ఎత్తు చూసి, మామూలు చక్రాలదే నప్పుతుందని నా మనసులో అనుకున్నాను. పేలోడ్ దానికీ సరిపోతుంది. కానీ తమ ట్రెయిలర్ తగిలించి రెండూ నడిపి చూస్తానన్నారు. మా ఇంకో బ్రాంచి నుంచి రెండూ తెప్పించి, డేల్ చేత హిచ్‌లు పెట్టించాను.

నడిపి చూసే రోజు గాలి గట్టిగా వీస్తోంది. వాయిదా వేద్దామా అని అడిగాను.

"సౌత్ డకోటాలో గాలి ఉండదా?" అన్నారు ఆంటీ.

సీటు పైకి లేపాం, పెడల్స్ దగ్గరికి జరిపాం. ఆవిడ ట్రక్కుని వెనక్కి పోనిస్తూ హిచ్‌ని కింగ్‌పిన్ కిందికి తెచ్చారు. ఖణేల్‌మని దవడలు మూసుకున్న శబ్దం వినగానే ప్రభాకర్ గారు చప్పట్లు కొట్టారు. తర్వాత ట్రెయిలర్ బ్రేకు నొక్కిపట్టి ట్రక్కుని కొంచెం ముందుకు లాగించాను. హిచ్ నిజంగా పట్టుకుందో లేదో అలా చూసుకోవాలి. ఒకటికి రెండుసార్లు ఆవిడ చేతే చేయించాను.

మొదట మామూలు చక్రాల బండి. నేను పక్క సీట్లో, ఆయన వెనక సీట్లో. హైవే ఎక్కేసరికి నేను తలుపు పిడి పట్టుకున్నాను. ఆవిడ మాత్రం అద్దాలు చూస్తూ, పెదవులు బిగించి, నెమ్మదిగా స్పీడు పెంచారు. నేను ఏదో చెప్పబోతే, "కాసేపు మాట్లాడకమ్మా, ఇంజన్ వింటున్నాను" అన్నారు. ఓవర్‌పాస్ మీదికి రాగానే పక్కగాలి ట్రెయిలర్‌ని తోసింది. ట్రక్కు వెనక భాగం చిన్నగా జరిగింది. ఆవిడ కంగారు పడకుండా సరిచేసుకున్నారు.

తర్వాత డ్యూయలీ. అదే రోడ్డు, అదే ఓవర్‌పాస్, అదే గాలి. ఈసారి బండి నేలని పట్టుకుని ఉన్నట్టే ముందుకు పోయింది. వెనక సీట్లోంచి ప్రభాకర్ గారు, "వసూ, నా కాఫీ తొణకలేదు" అన్నారు.

తిరిగొచ్చాక ఖాళీ పార్కింగ్‌లో రివర్స్ నేర్పాను. స్టీరింగ్ కింది భాగం పట్టుకుని, ట్రెయిలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే కదిలించమన్నాను. మొదటి రెండుసార్లు ట్రెయిలర్ అడ్డంగా మడతపడింది. ఆయన వెనక నిలబడి కర్రతో దారి చూపిస్తూ, "లెఫ్ట్, లెఫ్ట్" అంటే, "ఎవరి లెఫ్ట్? నీదా నాదా?" అని ఈవిడ. తర్వాత ఒక్కసారి రెండు తెల్లగీతల మధ్య తిన్నగా వచ్చి ఆగింది. ఆవిడ ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, చిన్నపిల్లలా నవ్వారు.

"ఏది తీసుకుంటారాంటీ?" అన్నాను.

"డ్యూయలీ."

"టౌన్‌లో వెడల్పు ఇబ్బంది పెడుతుంది."

"వెడల్పు సంగతి నేను నేర్చుకుంటాను. గాలికి ఎవరు నేర్పుతారు? నా పక్కన కూర్చునేది ఆయన, మాధవీ."

జూన్‌లో బయల్దేరారు. నేను వాళ్ళింటి దగ్గరికి వెళ్ళి హిచ్, కరెంటు తీగ, టైర్లలో గాలి అన్నీ చూసి పంపించాను. వీధి మలుపులో అంత పెద్ద బండి మెల్లగా తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత రోజూ ఫోన్ చూసుకోవడమే. చికాగో దాటామని ఒక ఫొటో. మిన్నెసోటాలో పెట్టెలు సమయానికి అందాయని ఒక మెసేజ్. ఇంట్లో మా ఆయన, "ట్రక్ అమ్మావా, నువ్వే బయల్దేరావా?" అని ఏడిపించేవాడు.

ఒక మధ్యాహ్నం షోరూమ్‌లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. తెరంతా గులాబీ, పసుపు, బూడిద రంగుల చారలున్న కొండలు. గాలి హోరులో ప్రభాకర్ గారి గొంతు.

"అమ్మా, స్లయిడ్ల మీద కర్రతో చూపించేవాణ్ణి. ఇదిగో, ఇవాళ చెయ్యి పెట్టాను" అన్నారు. ఆయన అరచెయ్యి మట్టి చార మీద ఉంది. అంతలోనే పక్కకి తిరిగారు. ఆంటీ ఫోన్ తీసుకుని, "ఇప్పుడు మాట్లాడరులే, క్లాసు మొదలుపెట్టారు. పక్కన ఎవరో ఫ్యామిలీ ఉంటే వాళ్ళకి చెప్తున్నారు" అన్నారు. వెనకాల ఇద్దరు అమెరికన్ పిల్లలు ఆయన చూపించిన పొరల్ని తలెత్తి చూస్తున్నారు.

ఎల్లోస్టోన్ వెళ్ళే దారిలో వ్యోమింగ్ కొండల దిగుడు గురించి ఆంటీ తర్వాత ఫోన్‌లో చెప్పారు. బరువు లాగేటప్పుడు వాడే టో మోడ్ వేసి, ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టుకున్నారట. అంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. "ఆ స్లోప్ అంతా బ్రేక్ మీద నా కాలు పడింది చాలా తక్కువసార్లు. కింద ఆగాక ఆయన నిద్ర లేచి, కొండలు అయిపోయాయా అన్నారు" అని నవ్వారు.

ఆగస్టులో క్షేమంగా తిరిగొచ్చారు. మరుసటి వేసవికి యూటా వెళ్ళడానికి డాక్టరు ఒప్పుకున్నాడో లేదో ఇంకా తెలియకముందే, ఆంటీ టైర్ల గురించి అడగడానికి షోరూమ్‌కి వచ్చారు.

అంతకుముందు కస్టమర్ వస్తే నా మొదటి ప్రశ్న, "ఎంత బరువు లాగాలి?" అని ఉండేది. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేదీ అదే కాబట్టి. ఇప్పుడు ముందుగా, ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరు నడుపుతారు, పక్కన ఎవరు కూర్చుంటారు అని అడుగుతాను. నడిపే మనిషిని చూసి బండి ఏదో నేను ముందే నిర్ణయించుకోను. అన్నీ సర్దించి, తూయించి, స్టీరింగ్ వాళ్ళ చేతికిస్తాను. కొందరికి ఈ ప్రశ్నలు విసుగ్గా ఉంటాయి, ట్రక్కు కొనడానికి ఇంత కథ ఎందుకంటారు. ఎక్కువమంది మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెడతారు. వాళ్ళు చెప్తున్నప్పుడు నేను ఇంకా స్టిక్కర్ వైపు చూడను. వాళ్ళ ముఖమే చూస్తూ వింటాను.