సుగుణక్క రిసీవింగ్ రూమ్

ఈ ఉదయం ఒక పెట్టె మూత తీయగానే కొత్త స్పాంజి వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే చాలు, సుగుణక్క పక్కనే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది నాకు. మస్కట్ శివార్లలో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీ మాది. వాటి కోసం దేశదేశాల నుంచి వచ్చే భాగాలను దింపుకుని, సరైనవే వచ్చాయా, దారిలో ఎక్కడైనా దెబ్బతిన్నాయా అని పరీక్షించి లోపలికి పంపే గదిని అందరూ రిసీవింగ్ రూమ్ అంటారు. అప్పట్లో ఆ గదికి పెద్ద సుగుణక్క. జగిత్యాల మనిషి. హైదరాబాదులో విమాన భాగాల తనిఖీలో చాలాకాలం పనిచేసి, ఇక్కడ కట్టడాల కంపెనీలో ఉన్న భర్త దగ్గరికి వచ్చింది.

నేను చేరిన కొత్తలో, ఎండకు కాలిపోతున్న పెట్టె ఒకటి ట్రక్కులోంచి దిగగానే కత్తెర అందుకున్నాను. "బాగానే ఉండాది కదక్కా, తెరిసేద్దాం" అన్నాను మా కడప మాటలో. అక్క నా చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుంది.

"ఎండల పడి అచ్చింది. మన రూమేమో సల్లగుంటది. ఇప్పుడే ఇప్పితే ఒక్కసారి సల్లగాలి తాకి లోపలి సామాను పగులుతది. చుట్టమొస్తే గడపల్నే సంగతులడుగుతమా? జరసేపు కూసోనియ్యి."

నేను నవ్వాను కానీ, లోపల ఆశ్చర్యంగా ఉండింది. తొందరపడినందుకు తిట్టని పెద్దలను నేను అంతగా చూడలేదు. మా అమ్మ ఇదే మస్కట్‌లో, ఖురం అనే పేటలో ఒక ఇంట్లో వంటపని చేసి నన్ను చదివించింది. గ్లాసు పగిలితే ముక్కలను చున్నీలో చుట్టి దాచేదట, మేడమ్ కంట పడకుండా. పొరపాటు జరిగితే నోరు మూసుకోవాలన్నది, చెప్పకుండానే నాకు నేర్పింది.

ఒకరోజు సౌరఫలకాలు వచ్చాయి. ఉపగ్రహానికి ఎండలోంచి కరెంటు ఇచ్చేవి అవే. ప్రయోగానికి గడువు దగ్గరపడింది కాబట్టి లోపల అందరూ వాటికోసమే ఎదురుచూస్తున్నారు. విమానాశ్రయం నుంచి వాటిని తెచ్చిన డ్రైవరు రాజన్న, నిజామాబాద్ వైపు మనిషి, పెట్టె దించి కూడా వెళ్లకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. పెట్టె మీద, గట్టిగా అదిరితే రంగు మారే స్టిక్కరు ఉంటుంది. అది మారలేదు. నేను సంతకం పెట్టబోతున్నాను.

"అక్కా, పెట్టె కిందవడ్డది" అన్నాడు రాజన్న. "ట్రాలీ చక్రం ఊడింది. ఎవ్వలు సూడలె."

నేను గబుక్కున పెట్టె వైపు చూశాను. సుగుణక్క మాత్రం పెట్టె వైపు చూడనైనా లేదు.

"నీకేమన్న తాకిందా అన్నా?"

"లే, నాకేం కాలె. పెట్టెనే..."

"పెట్టె సంగతి తర్వాత. ముందుగాల కూసో. నీళ్లు తాగు."

తన కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది. అతను గ్లాసును రెండు చేతులా పట్టుకుని, పెట్టె వైపే చూస్తూ తాగాడు. అమ్మ దాచిన చున్నీ మూట నా కళ్లముందు మెదిలింది. నేను తల తిప్పేసుకున్నాను.

అనుమానం వస్తేనే చేసే పరీక్ష ఒకటి ఉంది. ఫలకానికి చీకట్లో కరెంటు పంపి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే పగుళ్లు నల్లటి గీతల్లా కనిపిస్తాయి. ఒకదానిలో వెంట్రుకలాంటి గీత ఉంది. మామూలు కంటికి మాత్రం ఆ ఫలకం అద్దంలా మెరుస్తూ ఉంది. మేనేజరు పరుగున వచ్చాడు. పాపం, ఆయన మీదా ఒత్తిడి ఉంది. "ఎవరు పడేశారు? అతన్ని ఇంటికి పంపించేయాలి" అన్నాడు హిందీలో.

అక్క కూడా హిందీలోనే, గొంతు పెంచకుండా జవాబిచ్చింది. "అతను చెప్పకపోతే ఈ పగులు ఉపగ్రహం పైకి వెళ్లాక తెలిసేది సార్. ఈ రోజు అతన్ని పంపిస్తే, రేపు పడ్డ పెట్టె గురించి నాకెవరు చెబుతారు? తప్పు ఎవరి మీదైనా రాయాలంటే నా పేరు రాయండి. ఈ గది నాది."

కొత్త ఫలకం వచ్చేసరికి ఆ ప్రయోగం తప్పిపోయింది. ఉపగ్రహం తర్వాతి రాకెట్టు కోసం ఆగింది. రాజన్న ఉద్యోగం నిలిచింది. అక్కకు రావలసిన పై పదవి మాత్రం వేరే ఒకరికి వెళ్లింది. బాధగా లేదా అని అడిగాను. "ఉంటది. ఎందుకుండదు? అయినా రాత్రి నిద్ర మంచిగనే పడుతున్నది" అని టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది. సర్వపిండి.

ఉపగ్రహం పైకి వెళ్లి మొదటి సంకేతం పంపే రోజున, అక్క రాజన్నను వెతికి చెయ్యి పట్టుకుని నియంత్రణ గదికి తీసుకొచ్చింది. అతను ఆ గది గడప అంతకుముందెప్పుడూ తొక్కలేదు. తెర మీద చిన్న గీత లేచి ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు. "గదేనా అక్కా, మనది?" అన్నాడు రాజన్న. "గదే. నువ్వు మోసుకచ్చిందే" అంది అక్క. అతను మొహం తుడుచుకున్నాడు. పక్కనే ఉన్న మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

భర్త పని ముగిశాక అక్క జగిత్యాల వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ గది నా చేతిలో ఉంది. కొలతలు, పరికరాలు అన్నీ మారాయి. అవి ఎవరైనా నేర్పగలరు. నాలోని భయాన్ని మాత్రం ఆవిడే తీసేసింది. ఎవరైనా నా ముందుకు వచ్చి, ఏదో చెప్పాలని ఉండి చెప్పలేక తటపటాయిస్తే, చేతిలో ఎంత తొందర పని ఉన్నా పక్కన పెట్టేస్తాను. వాళ్లకు మాట వచ్చేదాకా ఆగుతాను.