ఎంకవ్వ ఈత మానేసిన చోటు

ఎంకవ్వ నీళ్లలో దిగి ఏడాది దాటింది. మోకాళ్ల నొప్పుల వల్లనే మానేసిందని అందరూ అనుకుంటారు. మోకాళ్లు కాదు, నేను. ఈ మాట చెప్పినా మా ఆయన తప్ప ఇంకెవరూ నమ్మరు. ఇప్పుడు చెబుతున్నాను గనక మధ్యలో అడ్డుపడకుండా వినండి.

నా పేరు సువర్ణ. మాది ఆర్మూర్. మా ఆయన సాలోమోను ట్రాలీ ఆటో నడుపుతాడు. పసుపు సీజన్ మొదలైతే మేం పదిమంది ఆడవాళ్లం ఆ ఆటోలోనే ఊరూరా పనికి పోతాం. వేల్పూర్ అనీ ముప్కాల్ అనీ లేదు, ఏ రైతు పిలిస్తే ఆ రైతు కల్లానికి. తవ్విన దుంపల నుంచి కొమ్ములు విరవాలి, ఉడికిన పసుపును ఎండకు పరవాలి, ఎండిందాన్ని డ్రమ్ములో పోసి తిప్పి మెరుగు పెట్టాలి. డ్రమ్ము దగ్గర ఒక్క పూట నిలబడితే చాలు, ముక్కు చీదినా పసుపే, కళ్లు తుడుచుకున్నా పసుపే. మా జట్టుకు మేస్త్రి ఎంకవ్వ. అరవై దాటిన మనిషి. నోరు మహా గట్టిది. కొమ్ము విరవడంలో ఎవరైనా వెనకబడితే "ఏందే మంగా, పసుపు విరుస్తున్నవా, దాని తల దువ్వుతున్నవా?" అనేది. అని, తన కుప్ప వదిలి మంగ కుప్ప దగ్గరే కూర్చుని సాయం పట్టేది.

ఆమె ఊరు ఇప్పుడు లేదు. పోచంపాడు ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. అంతలోపే గోదావరిలో ఈత నేర్చేసింది. ఆ ఊరి ఊసెత్తితే ఏడవదు, మెచ్చుకోదు. "మా ఇల్లు గా నీళ్ల కిందుంది, ఊడ్చే పని తప్పింది" అని నవ్వేది, అంతే.

ముప్కాల్ దాటాక బాట దిగి బ్యాక్‌వాటర్ వైపు కొంత దూరం నడిస్తే ఇళ్లంత నల్లటి రాతిగుండ్లు వస్తాయి. రెండు గుండ్ల మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు ఉంది. లావుగా ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి దూరాలి, నాలాంటి వాళ్లన్నమాట. దూరితే లోపల కప్పులేని గదిలా ఉంటుంది. మూడు వైపులా రాయి, నాలుగో వైపు గడపంత బండ, దానవతల ప్రాజెక్టు నీళ్లు. ఎండాకాలం బయట నీళ్లు ఎంత వెనక్కి పోయినా ఇక్కడ మెడలోతు నిలిచే ఉంటాయి. అడుగున ఇసుక, బురద లేదు. ఒక పక్క వెడల్పాటి బండ, బట్టలుతకడానికే పుట్టినట్టుంటుంది. దీన్ని మేం 'సందు' అనేవాళ్లం. ఎంకవ్వ నలభై ఏళ్లుగా అక్కడ ఈదేది. ఏ సీజన్లో జట్టులో ఎవరు చేరితే వాళ్లకు నేర్పేది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. ఒడ్డున నిలబడి రానంటే రానన్నాను. ఎంకవ్వ రెండు ఖాళీ నూనె డబ్బాలు పాత చీర అంచుతో నా నడుముకు కట్టి, చెప్పాపెట్టకుండా తోసింది. మునిగాను, తేలాను, ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె పక్కనే నీళ్లలో వెల్లకిలా పడుకుని, "తిట్టు బిడ్డా, తిట్టుకుంట కాళ్లు కొట్టు" అంది. మూడో వారానికి డబ్బాలు విప్పేశాను. అంత సంతోషం నా పెళ్లి రోజున కూడా పడలేదు, సాలోమోను వినకపోతే చెప్పుకోవచ్చు.

బండ మీద నడిచేటప్పుడు ఎంకవ్వ మూలుగుతూ నడిచేది. నీళ్లలో మాత్రం చేపే. "గీండ్ల దిగినంక నాకు మోకాళ్లు యాదికే రావు" అనేది. దవాఖానలో డాక్టరమ్మ కూడా అదే చెప్పిందట, మందుల కన్నా ఈతే మంచిది, మానొద్దని. ఇంకెక్కడైనా ఈదొచ్చు కదా అంటారేమో. ఒడ్డంతా బాహాటం. చేపలవాళ్లు, బర్లు కడిగేవాళ్లు, ఫోన్లు పట్టుకుని ఫోటోలు దిగేవాళ్లు. లంగా కట్టుకున్న ఆడది అక్కడ ఎట్లా దిగుతుంది? ఎంకవ్వకు ఉన్నది ఆ సందు ఒక్కటే. అది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

మేం నీళ్లలో ఉన్నంతసేపు సాలోమోను పైన ఆటోలో మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎవరైనా దిగొస్తుంటే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. రెండేళ్ల కింద మార్చిలో ఒకరోజు టైరు పంచరై, దాన్ని పట్టుకుని ముప్కాల్ పోయాడు. హారన్ కొట్టే దిక్కు లేదు. సందులోంచి మగగొంతు వినబడింది.

"ఎవలున్నరు లోపల?"

భూమన్న, ఆయన బావమరిది. చేపలు పట్టేవాళ్లు, చేతిలో వల. మంగ ముక్కుదాకా మునిగింది. మిగతావాళ్లు రాయి వెనక్కి పోయారు. చీరలన్నీ బండ మీదే ఉన్నాయి. నేను ఆ బండ మీద నిలబడి చీర జాడిస్తున్నాను. జుట్టు విప్పుకుని ఉన్నాను, ఒళ్లంతా పసుపు. పసుపు మరక మీద సబ్బు పడితే ఎరుపు తిరుగుతుందని బట్టలుతికే ఏ ఆడదానికైనా తెలుసు. నా కాళ్ల దగ్గర బండంతా ఎర్రగా ఉంది. వాళ్లిద్దరూ మగవాళ్లు, బట్టలుతికిన మొహాలు కావు. నాకు కోపం నెత్తికెక్కింది, నోటికేది వస్తే అది అరిచాను.

"అడుగు ముంగటికెయ్యకు. గిది గంగమ్మ జాగ. బండ మీద కుంకుమ కనవడ్తలేదా? చెప్పులతోటి వస్తరా? నా మాట దాటి వచ్చినోని వల మళ్ల నిండది."

భూమన్న మొహం పాలిపోయింది. చెప్పులు విడిచి చేతుల్లో పట్టుకుని, దండం పెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. మేం ఎంత నవ్వామంటే మంగకు నీళ్లు మింగి దగ్గొచ్చింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఎంకవ్వే. "మా సువర్ణకు పూనకమొచ్చింది, జర దూరం జరుగుండ్రే" అని వారం రోజులు ఆటపట్టించింది. ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే నాకు ఆ కేక గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏం నవ్వు అది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

పది రోజులకు మళ్లీ వెళ్తే బండ మీద వేపమండలు, నిమ్మకాయలు ఉన్నాయి. మాట విని వెనక్కి తిరిగిన ఆ సాయంత్రమే భూమన్న వల నిండిందట. ఆయన దొంగ కాదు, మోసగాడు కాదు. నమ్మాడు. తన చేతులతో ఇటుకలు మోసి గద్దె కట్టాడు, బండకు పసుపు పూసి వెండి కళ్లు పెట్టాడు. మరుసటి సీజన్‌కు సందుకు ఇనుప గ్రిల్ వచ్చింది, బోర్డు వచ్చింది: 'అమ్మవారి స్థలం. స్నానాలు చేయరాదు, బట్టలు ఉతకరాదు.' ఆ బోర్డు ముందు మేం పదిమందిమి నిలబడి చదివాం. ఎవరూ నవ్వలేదు. ఎంకవ్వ నా వైపు చూడకుండా ఆటో వైపు నడిచింది.

అప్పుడే భూమన్న దగ్గరికి పోయి నిజం చెప్పి ఉంటే సరిపోయేది. పోలేదు. పైగా ఆయన భార్య శ్యామల మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అమ్మ పలికిన నోరక్కా నీది" అని కొర్రమట్ట చేపలు ఇచ్చిపోయింది. తీసుకున్నాను. చింతపండు పులుసు పెట్టి తిన్నాను కూడా. సాలోమోను ముట్టలేదు.

"నువ్వే పెట్టినవు గా దేవతను. పొయ్యి చెప్పు వాళ్లకు" అన్నాడు.

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న గదా" అని కసిరాను.

ఒకరి నమ్మకం చెడగొట్టడం పాపం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పదిమందిలో అబద్ధాలకోరుననిపించుకోవడం నాకు భయం, అంతే సంగతి. భయస్తురాలిని, పైకి మాత్రం నోరు.

ఈ సీజన్‌కు ఎంకవ్వ పనికి రాలేదు. పెర్కిట్‌లో ఆమె గదికి వెళ్తే కట్టె పట్టుకుని లేచింది. గడప దాటడానికి గోడ పట్టుకుంది. నీళ్లలో వెల్లకిలా పడుకుని నన్ను ఆడించిన మనిషి. ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, నీ ఈత నేనే ఎత్తగొట్టిన. గంగమ్మా లేదు, ఎవ్వల్లేరు. కోపానికి ఒర్రిన. రేపే భూమన్నకు చెప్తా, గ్రిల్ తీపిస్తా. తిట్టు నన్ను."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండని ఆశపడ్డాను. ఎంకవ్వ మెల్లగా మంచం మీద కూర్చుంది.

"బండ మీదిది సబ్బు మరకేనని నాకెర్కలేదా బిడ్డా? నలభై ఏండ్లు ఉతికిన."

"మరి?"

"నువ్వు చర్చికి పోయేదానివి. గా పొద్దు నీ నోట్లకు గంగమ్మ పేరెట్లొచ్చింది? పామున్నదనకపోయినవా? మొసలున్నదనకపోయినవా? గా పేరే ఎందుకొచ్చింది?"

"నోటికొచ్చింది అవ్వా, గంతే."

"గదే నేను చెప్పేది. తనంతల తనే వచ్చింది." మోకాళ్లు రుద్దుకుంటూ చెప్పింది. "నేనింతగనం నవ్వితి. నలభై ఏండ్లు ఆమె నెత్తి మీద మైల బట్టలుతికితి. నవ్విన మనిషిని ఊకె ఇడుస్తదా? గందుకే మోకాళ్లు వట్టుకున్నది."

కాదని ఎన్ని విధాలుగా చెప్పానో. ఈత మానినందుకే నొప్పి పెరిగిందన్నాను. డాక్టరమ్మ మాట గుర్తుచేశాను. బైబిలు మీద ఒట్టేస్తానన్నాను. ఆమె చిన్నపిల్లను చూసినట్టు చూసి, "పలికిచ్చినామె నీకు చెప్పి పలికిస్తదా?" అంది. నా నోటినుంచి వచ్చిన అబద్ధం ఆమె నమ్మింది. అదే నోటితో చెప్పిన నిజం నమ్మలేదు. పైగా నా మీద జాలిపడింది, నేను గుర్తుపట్టలేకపోయానని.

మరునాడు పొద్దున తనే అడిగింది, అక్కడికి తోలుకపొమ్మని. సాలోమోను ఆటో గుండ్ల దాకా తెచ్చాడు. నేను నడుం పట్టుకుని నడిపించాను. గ్రిల్ దగ్గర భూమన్న ఉన్నాడు, నన్ను చూడగానే చెప్పులు విడిచాడు. నిజం అప్పుడే చెప్పేశాను, ఎంకవ్వ ముందే. ఆయన తల వంచుకుని మొత్తం విన్నాడు. "నీకు ఎర్క లేదక్కా" అని మాత్రం అని గ్రిల్ తాళం తీశాడు.

ఎంకవ్వ గద్దె ముందు నిలబడింది. కొబ్బరికాయ నా చేతికిచ్చింది, "నాకు వంగొస్తలేదు, నువ్వు కొట్టు" అంది. నేను ఎన్నడూ కొట్టినదాన్ని కాదు. ఆమె మొహం చూసి కొట్టాను. నా వెనక ఆమె గొంతు వినిపిస్తోంది: "తప్పైంది తల్లీ. ఎర్కలేక చేసిన. నన్ను ఇడువు." ఆ మాట అనాల్సింది నేను.

నాలుగడుగుల అవతల నీళ్లు. ఎండకు అడుగు ఇసుక కనిపిస్తోంది. ఆమె అటు తిరగలేదు.

"సల్లగున్నయా?" అని అడిగింది.

"దిగవ్వా. నేను పట్టుకుంట. ఒక్కపారి" అన్నాను. తల అడ్డంగా ఊపింది. బతిమాలాను, ఏడ్చాను, భూమన్న కూడా "దిగు పెద్దవ్వా, అమ్మ ఏమనది" అన్నాడు. కదల్లేదు.

నేనే దిగాను. కొంగు ముంచి, కారుతుండగానే పరుగున తెచ్చి, మోకాళ్లకు పెట్టుకొమ్మని ఆమె చేతిలో పెట్టాను. ఎంకవ్వ ఆ తడి కొంగును రెండు కళ్లకూ అద్దుకుని, నాకు తిరిగిచ్చింది.