అతుకుల మామ ముందుగది

వీధిలో అందరూ అతన్ని అతుకుల మామ అంటారు. ఉద్యోగం లిఫ్టుల మరమ్మతు. అతను బాగుచేసిన లిఫ్టు అంతస్తుకు జానెడు కిందే ఆగుతుంది, జనం కాలెత్తి ఎక్కి బయటపడతారు. ఆ జానెడు ఆయనగారి కంటికి ఆనదు. ధ్యాసంతా ఒక పాత మూకీ సినిమా మీదా, ఒక రాక్ రికార్డు మీదా. రెండూ ఒకేసారి మొదలుపెడితే పాట బొమ్మతో అచ్చుగుద్దినట్టు కలుస్తుందనీ, ఆ రహస్యం పట్టుకున్న మొనగాడు తానేననీ నమ్మకం. డ్రమ్ము మోగగానే తలుపు పడుతుందట. తలుపన్నాక పడక ఏం చేస్తుంది?

ఈ ఘనకార్యానికి ఇంట్లో వెలుతురున్న ఒకే ఒక్క గది బలైంది. గోడ మీద బొమ్మ ఆడాలంటే చీకటి కావాలని ముందుగది కిటికీలకు దుప్పట్లు కొట్టేశాడు. భార్య కుట్టుమిషను వంటింటి గుమ్మం పక్కన మూలకు చేరింది. ఆ చీకట్లో నల్లబట్ట మీద నల్లదారం కనపడక, ఒకరోజు సూది ఆవిడ వేలిలో దిగింది.

వేలికి గుడ్డ చుట్టుకుని ఆవిడ తేల్చేసింది. "ఆదివారం మా తమ్ముడొస్తాడు. వాడికి చూపించండి. కలిసిందని వాడంటే గది మీది. లేదంటే నా మిషను కిటికీ దగ్గరికొస్తుంది."

"వాడు నోరెళ్లబెట్టకపోతే అడుగు," అన్నాడు మామ.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడిగి, గొప్ప ఉపన్యాసం ఇవ్వబోయేవాడిలా గొంతు సవరించుకున్నాడు. గోడ మీద బొమ్మ ఆడింది, రికార్డు మోగింది.

"అదిగో, గిటారు లేవగానే గుర్రం లేచింది. చూశావా?"

"గుర్రం ముందే లేచింది బావా," అన్నాడు తమ్ముడు. వాడు బస్సు డ్రైవరు, మొహమాటం ఎరగడు.

"నీకు చెవులు లేవురా. చెవులుంటే హారన్ అంతలా కొట్టవు."

భార్య లేచి రికార్డు ఆపేసింది. మూలనున్న మిషను బరబరా గదిలోకి ఈడ్చుకొచ్చి, సగం కుట్టిన లంగా పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. టకటకటకా. గోడ మీద గుర్రం పరుగెత్తుతోంది. దారం తెగి ఆవిడ ఆగింది. సరిగ్గా అప్పుడే గుర్రం మీదివాడు దబ్బున కిందపడ్డాడు.

"ఆహా," అని అతుకుల మామ కుర్చీలోంచి లేచిపోయాడు. "చూశావురా? పడ్డాడు, ఆగింది. ఇంతకన్నా ఇంకేం కలవాలి?"

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒప్పుకున్నా బావా. అక్క మిషనే బాగా కలిసింది, నీ రికార్డు కాదు."

అప్పటికి గాని మామకు తన నోటితో తానే గది రాసిచ్చానని వెలగలేదు. వెలిగేలోపే ఆవిడ దుప్పట్లు లాగేసింది. ఎండ పడి గోడ మీది బొమ్మ తుడిచిపెట్టుకుపోయింది.

ఇప్పుడు మిషను కిటికీ దగ్గరుంది. మామ గుమ్మంలో చతికిలబడి, రికార్డు పెట్టుకుని, ఆవిడ కత్తెర పాటతో కలుస్తోందని వచ్చేపోయేవాళ్లకు చెబుతుంటాడు.

"కలిసింది చాల్లే," అంటుంది ఆవిడ తలెత్తకుండా. "వెళ్లి ఆ లిఫ్టును అంతస్తుతో కలపండి."