పెద్దమ్మ కంప్యూటర్ మూగపోయిన రోజు

ఆబిడ్స్ ఆఫీసులో టీ కప్పు అలా చేతిలోకి తీసుకున్నానో లేదో, నాంపల్లి నుంచి పెద్దమ్మ ఫోను. "గీ కంప్యూటర్‌కు ఏమైందే? పొద్దుగాల్నుంచి సప్పుడే చేస్తలేదు."

పెద్దమ్మ రిటైర్డ్ టీచరు. గ్లకోమాతో చూపు పోయింది. తెర మీద ఉన్నది కంప్యూటర్ పైకి చదువుతుంటే రోజూ పేపర్ వింటుంది. ఎవరైనా చదివి పెడతామంటే ఒళ్లు మంట. "వాళ్లు చదివిందే వార్తనా? మిగిలింది నాకొద్దా?" అంటుంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లాను. ఇలాంటివి దొరికితే నాకు తిండి కూడా గుర్తుండదు. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చిందని తేలింది. యంత్రం మొత్తాన్ని నడిపించే అసలు ప్రోగ్రాం అది. ఆ మహానుభావుడికి పెద్దమ్మ పాత సౌండ్ కార్డు ఎవరో తెలియదట! పాత కెర్నల్ ఇంకా ఉంది, బతికించింది. ఈ కెర్నళ్లన్నీ ఉండేది డిస్కులో బూట్ అనే చిన్న విడి భాగంలో. డిస్కంతా ఖాళీగా పడి ఉంటే అది మాత్రం గొంతుదాకా నిండింది. ఇంకో అప్‌డేట్ వస్తే పాతది పోయేదే. ముందు ఆ పాతదాన్ని ఏ అప్‌డేటూ తీసేయకుండా కట్టుదిట్టం చేశాను.

"గంత పెద్ద ఇల్లుండంగ గా చిన్న అర్ర ఎందుకే?" అంది పెద్దమ్మ, నేను చెప్పిందంతా విని.

"ఆన్ చెయ్యంగనే ముందు గాడికే పోతది. పాతదా, కొత్తదా అని లిస్టు వస్తది. మనం ఏదంటే అది లేస్తది."

"గా లిస్టు చదివి చెప్తదా?"

చదవదు. కెర్నల్ లేచాక గానీ తెర చదివే గొంతు లేవదు.

"ఎప్పుడూ పాతదే లేచేటట్టు పెట్టిపోతా. ఫికర్ చెయ్యకు."

"రేపు అదీ చెడితే? మల్ల నీకు ఫోన్ చేసి కూసోవాల్నా?"

కోపంగానే అంది. నాకూ పంతం వచ్చింది. వెతికాను. లిస్టు రాగానే బీప్‌మనే ఏర్పాటు ఒకటి ఉందట! దానికి సౌండ్ కార్డుతో పనిలేదు, డబ్బాలోని బుల్లి స్పీకర్ చాలు. ఎవరు ఆలోచించారో గానీ వాళ్ల కడుపు చల్లగుండ!

అది పెట్టి, లిస్టులో కొత్తది పైన, పాతది దాని కింద ఉంటుందని చెప్పి, బీప్ వినగానే కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టమన్నాను. పెద్దమ్మే ఆన్ చేసింది. బీప్ వచ్చింది. తడుముకుని నొక్కింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పెద్దమ్మ టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది.

కంప్యూటర్ గొంతు పలికింది. పెద్దమ్మ పేపర్ తెరిచింది. సంతోషం పట్టలేక మొదటి హెడ్డింగ్ నేనే పైకి చదవబోయాను.

"నువ్వు ఊకో," అని చెయ్యెత్తింది. "నేను చదువుకుంటున్న."