జారే బెల్టు

మా పిండి మిషనులో తోలు బెల్టు జారినప్పుడల్లా నా పరువే జారినట్టుండేది. పంతొమ్మిదివందల యాభైలలో, ఎమ్మిగనూరు మగ్గాల వీధి చివర నేనూ నా భార్యా కలిసి నడిపిన మిషను అది. నేను ఆయిల్ ఇంజను చూసుకునేవాణ్ణి, తను రాళ్ళ దగ్గర గింజలు పోసేది. ఇంజనుకూ రాళ్ళకూ మధ్య ఆ పొడుగాటి తోలు బెల్టు. రాళ్ళు ఆపడానికి ఇంజను ఆపనక్కర్లేదు. రాళ్ళను తిప్పే చక్రం పక్కనే ఊరికే తిరిగే చక్రం ఇంకొకటి ఉండేది. తను ఒక కట్టె పట్టుకుని బెల్టును దాని మీదికి నెట్టేది, అంతే. గింజల్లో రాయి కనపడినా, ఒకరి పిండి అయిపోయి ఇంకొకరిది పోయాలన్నా ఆ కట్టెదే అధికారం.

మా బతుకంతా నేతవాళ్ళ గంజి మీదే. వాళ్ళు పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి కట్టి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించాలి. ముందురోజే ఆడించుకోండయ్యా అంటే వినరు, నిలవ పిండి గంజికి పనికిరాదని వాళ్ళ పట్టింపు. కాబట్టి తెల్లవారేసరికి వేడివేడి జొన్నపిండి వాళ్ళ బుట్టల్లో పడాల్సిందే. ముసురు పట్టిందంటే చెమ్మకు మా బెల్టు జారేది. ఇంజను డబడబా కొట్టుకుంటుంటే రాళ్ళు మొండికేసేవి.

"ఏమప్పా, పిండి ఐతాదా, బస్టాండు కాడ కొత్త మిషనుకు పోమంటావా?" అని పెద్ద నేతగాడొకాయన గుమ్మంలో నిలబడి అడిగేవాడు. ఆ కొత్త మిషను మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఈ వీధి వాళ్ళు అటు మళ్ళితే మేం తాళం వేసుకోవడమే.

ఒకసారి నా భార్య కొంగు ఇరుసుకు చుట్టుకుంది. రాళ్ళు బరువెక్కగానే బెల్టు చక్రం మీది నుంచి ఊడిపడింది. అంతా ఆగిపోయింది. కొంగు చిరిగింది, తను నవ్వేసింది. నేను మాత్రం పిండి ఆలస్యమైందని బెల్టును నానా తిట్లూ తిట్టాను. అప్పటికి నా బుద్ధి అంతే.

బెల్టుకు గుగ్గిలం పొడి చల్లాను. రెండు రోజులు జారకుండా పట్టుకుంది, మళ్ళీ మామూలే. ఇలా కాదని, ఎవరినీ అడక్కుండా బెల్లం పాకం కాచి పూశాను. అబ్బ, ఆ రోజు రాళ్ళు తిరిగిన తిరుగుడు చూడాలి! మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఎలుకలు బెల్టును మూడుచోట్ల కొరికేశాయి. మిగిలిన తోలు మీద చీమలు బారులు తీరాయి.

"ఎలుకలకు పెండ్లి భోజనం పెట్టినావు గదయ్యా!" అని నా భార్య పడీపడీ నవ్వింది.

కోపం రావలసిన చోట నాకు సంబరం ముంచుకొచ్చింది. ఇక కొత్త బెల్టు కొనక తప్పదు కదా! ఆదోనిలోకి 'వీ' బెల్టులనే కొత్తరకం దిగిందని అప్పటికే విన్నాను. మూడు సన్నటి రబ్బరు బెల్టులు, గాడి తీసిన చక్రాల్లో కూర్చుని తిరుగుతాయట. జారడమన్నదే ఉండదట.

"మరి వాట్ని కట్టెతో నూకేదెట్లా?" అని అడిగింది తను.

"నూకే పనే ల్యా. ఇంజను ఆపితే సాలు."

"ఇంజను సప్పుడులో నేను కూసేది నీకి ఇనపడితే గదా నువ్వు ఆపేది?"

నేను వినిపించుకోలేదు. మొదటి బస్సెక్కేశాను.

ఆదోని బజారులో పత్తి బండ్లను తప్పించుకుంటూ దాదాపు పరుగెత్తాను. దుకాణం సాహుకారు రెండు చిన్న చక్రాలకు బెల్టులు తొడిగి తిప్పి చూపించాడు. నల్లగా నిగనిగలాడుతూ అవి తిరుగుతుంటే నాకు కళ్ళు చాలలేదు. తిప్పే పిడి ఆయన చేతిలోంచి లాక్కుని నేనే తిప్పాను. ఒకటికి నాలుగుసార్లు తిప్పాను.

"పట్టిందంటే ఇడసదన్నా ఇది," అన్నాడాయన. "ఏనుగు అడ్డమొచ్చినా లాక్కోనిపోతాది."

కట్టివ్వమనడానికి నోరు తెరిచాను. కళ్ళ ముందుకు ఏనుగు రాలేదు, చిరిగిన కొంగు వచ్చింది. నేను తిట్టిపోసిన ఆ జారుడే ఆ రోజు నా మనిషిని నాకు మిగిల్చింది. ఇన్నాళ్ళూ ఆ మాత్రం తట్టనందుకు సిగ్గేసింది.

"కట్టెతో నూకితే పక్కకు పొయ్యే ఎడల్పు బెల్టు ఉండాదా అన్నా?"

"గుడ్డా రబ్బరూ కలిపింది ఉండాది. చెమ్మకు జారదు. కానీ బరువు మితిమీరితే ఊడొస్తాది మల్ల."

"ఊడొస్తాదా? అదే కావాల!" అన్నాను. సాహుకారు నన్ను ఎగాదిగా చూశాడు.

ఊరికి రాగానే, బెల్టు ఎక్కించకముందే, కొంగు తగలకుండా ఇరుసుకు అడ్డంగా ఒక చెక్క పలక కొట్టాను. మర్నాడు కోడికూతకే ముసురు. గుమ్మం నిండా బుట్టలు. ఇంజను అందుకుంది, నా భార్య కట్టెతో బెల్టును నెట్టింది, అది చక్రాన్ని పట్టింది. జారలేదు! నేను చిన్నపిల్లాడిలా అరిచాను. పెద్ద నేతగాడు పొగలు కక్కే పిండి బుట్ట నెత్తిన పెట్టుకుని పరుగు తీశాడు.

చివరి బుట్ట వెళ్ళాక తను రాళ్ళు ఆపింది.

"మూడు బెల్టులు తెస్తానని పోతివే?"

"మన చక్రానికి సరిపోయేటివి ల్యా."

నేను ఇరుసుకు కొట్టిన పలక మీద తను చెయ్యి వేసి చూసింది. కుట్టు వేసుకున్న కొంగును నడుముకు దోపుకుంది.

"ఆ దినం నీకి పిండే ముఖ్యమనుకొంటి," అంది.