వెల్లకిలా

2003 జూలై 14, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. మెట్టుగూడలో నేను అద్దెకున్న మేడమీది వాటాలో భోజనం ముగించి, మంచం మీద నడుం వాల్చాను. ఊపిరి అందలేదు. ఎవరో పొట్టను ఛాతీలోకి తోసినట్టయింది. లేచి కూర్చుంటే అర నిమిషంలో సర్దుకుంది. మళ్ళీ వాలాను, మళ్ళీ అదే. మూడుసార్లు చూసి, వేళతో సహా క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను.

అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళ రెండు నెలలు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, ఏడాది కిందట రిటైరయ్యాను. ఆ జూన్‌లో జ్వరం వచ్చి తగ్గింది. దాని వెనకే ఎడమ భుజం, మెడ పది రోజులు విపరీతంగా పీకాయి. అమృతాంజనం లాంటిదేదో రాసుకుని ఊరుకున్నాను. ఆ పీకుడుకీ ఈ ఊపిరికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

ఆరోజు నుంచి రాత్రిళ్ళు పడక్కుర్చీలోనే. పగలు నా పద్ధతిలో నేను కొలుచుకునేదాన్ని. కూర్చుని ఒక్క గుక్కలో పంతొమ్మిదో ఎక్కం పదుల దాకా చెప్పగలను. పడుకుంటే పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు దగ్గర ఆగిపోతాను. రోజూ ఇదే. నోటుబుక్కులో రెండు వరుసలుగా రాశాను.

నాలుగు నెలల్లో ముగ్గురు డాక్టర్లను చూశాను. మొదటాయన ఎక్స్‌రే తీయించి, ఎడమ వైపు ఊపిరితిత్తి అడుగు కాస్త పైకి ఉంది, అది గ్యాసు తోసేయడం వల్ల అన్నాడు. రెండో ఆయన ఉబ్బసమని పీల్చే మందు రాశాడు. మూడో ఆయన నా చీటీలో వయసు అంకె చూసి, "రిటైరయ్యాక బెంగమ్మా, భజనలకీ వాటికీ వెళ్ళండి" అన్నాడు. వాళ్ళ తప్పులు వాళ్ళవి. నా తప్పు నాది. ముగ్గురి ముందూ స్టూలు మీద నిటారుగా కూర్చుని "ఆయాసంగా ఉంది" అన్నానే గాని, "పడుకుంటేనే" అన్న మాట అనలేదు. విజయనగరం వైపు మా అత్తగారింట్లో పగటిపూట నడుం వాల్చిన కోడలంటే సోమరిపోతని లెక్క. వాల్చినా ఆ మాట పైకి అనుకోం. పరాయి మగవాడి ముందు అసలే అనం. కూర్చున్నప్పుడు నా ఊపిరి బాగానే ఉంటుంది. వాళ్ళు కూర్చోబెట్టే చూశారు. లెక్కలో ముఖ్యమైన షరతు దాచిపెట్టి, జవాబు తప్పొచ్చిందని వాళ్ళను తిట్టుకున్నాను.

కింది వాటాలో ఉండే ఇంటావిడ నవంబరులో మెట్లెక్కి వచ్చింది.

"ఏంది టీచరమ్మా, రాత్రంత కుర్చీలనే కూసుంటున్నవంట? మంచం గిట్ల అమ్ముకున్నవా ఏంది?"

"నేనమ్మలేదండీ. అదే నన్ను పడుకోనివ్వడం లేదు."

"నవ్వులాట కాదు. జెర పెద్ద దవాఖానకు పో. మా కోడలు దగ్గుతో పరేషానైనప్పుడు ఒక డాక్టరమ్మ మంచిగ చూసింది."

డిసెంబరు 5, శుక్రవారం వెళ్ళాను. ఆ డాక్టరమ్మది మా అబ్బాయి వయసు. వెళ్ళీ వెళ్ళగానే, "బల్ల మీద పడుకోండమ్మా" అంది.

"కూర్చునే చెబుతాను."

"కూర్చుంటే బాగానే ఉన్నారు కదా. బాగాలేనప్పుడు ఎలా ఉంటారో నేను చూడొద్దా?"

పడుకున్నాను. నోటుబుక్కు సంగతి చెప్పాను. "అయితే ఎక్కం చెప్పండి" అని పొట్ట మీద చేయి వేసింది. యాభై ఏడు దగ్గర ఆగాను. ఆమె నవ్వలేదు. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలనీ, నాకు ఎడమ పక్క లోపలికి పోతోందనీ చెప్పింది.

సోమవారం, ఊపిరి కదలికను తెర మీద చూపించే ఎక్స్‌రే దగ్గర నిలబెట్టారు. అక్కడి టెక్నీషియన్ తెలంగాణ మనిషి. "అమ్మా, జలుబైతే ముక్కు ఎగబీలుస్తరు సూడు, గట్ల గట్టిగ."

"ఆ పని చేయొద్దనే ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పానయ్యా."

"గిప్పుడొక్కసారి చెయ్యున్రి. ఎవ్వరికీ చెప్ప."

ఎగబీల్చాను. తెర మీద ఛాతీకీ పొట్టకీ మధ్య రెండు గొడుగుల్లాంటి వంపులు. కుడిది కిందికి దిగింది. ఎడమది పైకి ఎగిరింది. సైన్సు పుస్తకంలో ఉదరవితానం అని రాసే కండరం అదే. డాక్టర్లు డయాఫ్రం అంటారు. మెడ నుంచి దానికి దిగే నరం ఆ జ్వరంలో దెబ్బతిని ఉంటుందని, కండరం వట్టి గుడ్డలా వేలాడుతోందని డాక్టరమ్మ చెప్పింది. పడుకుంటే పొట్టలోవన్నీ దాన్ని పైకి నెట్టి ఊపిరితిత్తిని నొక్కుతున్నాయి. నరం దానంతటదే కోలుకోవచ్చు, ఒక ఏడాది చూద్దాం అంది. చూశాం. కోలుకోలేదు. ఇక మిగిలింది ఆపరేషన్. పక్కటెముకల మధ్య నుంచి వెళ్ళి, వదులైన కండరాన్ని మడతలు పెట్టి బిగించి కుట్టేస్తారు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి యాప్రాల్‌లో కొత్త ఫ్లాట్ కొన్నాడు. ఆసుపత్రి కారిడార్‌లో వాడికీ నాకూ గట్టిగానే పడింది.

"నెట్‌లో మొత్తం చదివానమ్మా. కుట్టినా ఆ కండరం పనిచెయ్యదంట. ఈ ఏజ్‌లో ఛాతీ కోయించుకోవడం ఎందుకు? మా ఇంటికొచ్చెయ్, మంచి రిక్లైనర్ కొంటాను."

"పనిచెయ్యదని డాక్టరే చెప్పింది. నాకది పని చెయ్యక్కర్లేదు, అడ్డం రాకుండా ఉంటే చాలు. కుర్చీలో బతకమంటావా?"

"ఏమైనా అయితే?"

"అయితే అవుతుంది. కూర్చుని మాత్రం పోను."

ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద వాడు బంధువు సంతకం పెట్టనన్నాడు. కొడుకు సంతకం కావాలని కౌంటర్లో అమ్మాయి పట్టుపట్టింది. ఊపిరి నాది, ఛాతీ నాది, చదువు వచ్చు, తెలివిలో ఉన్నాను, సంతకం నాదే చాలదా అని అడిగాను. డాక్టరమ్మ వచ్చి చాలంది. సాక్షిగా మా ఇంటావిడ వచ్చి తెలుగులో వంకరటింకరగా తన పేరు రాసింది. "జైలుకైతే పంపరు గద?" అని కౌంటర్ అమ్మాయిని అడిగింది.

2004 నవంబరు 9, మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్ళారు. మూడు గంటలు పట్టింది. ఛాతీలోంచి గొట్టం ఐదో రోజున తీశారు. దగ్గిన ప్రతిసారీ పక్కటెముకలు విడిపోతున్నట్టుండేది. అబ్బాయి రోజూ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి నర్సులతో మాట్లాడి వెళ్ళేవాడు. నాతో మాట్లాడలేదు.

డిసెంబరు 12, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో దిండు ఒక్కటే పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను. ఫ్యాను మూడు రెక్కలూ కింది నుంచి ఎలా ఉంటాయో మరిచిపోయాను. గంటా నలభై నిమిషాలు నిద్రపోయాను. లేచాక, పడుకున్నానని కిందికి కేకేసి ఇంటావిడకు చెప్పాను. పట్టపగలు, నలుగురూ వినేటట్టు.

పోయినవి: ఎడమ వైపు నరం ఒకటి. కుర్చీలోనూ, ఎత్తిన ఆసుపత్రి మంచం మీదా గడిచిన రాత్రులు ఐదువందల పదిహేడు. ఒంట్లో బరువు ఏడు కిలోలు. ఎడమ రొమ్ము కింద బెత్తెడు మేర స్పర్శ. ఆ కారిడార్ గొడవ నుంచి కొడుకుతో నాలుగు నెలల మాటలు.